పోస్టరెక్కిన చేతులు

మా అమ్మమ్మ కత్తి పట్టుకుని బల్ల ముందు నిలబడిందంటే, సముద్రంలో చేపలన్నీ తమ చొక్కాలు తామే విప్పుకుని, మడతపెట్టి, చంకలో పెట్టుకుని వరుసలో నిలబడతాయి. చేపలకు చంకలెక్కడివని మీరు అడగవచ్చు. ఆమె పని చూడనివాళ్లు అలాగే అడుగుతారు.

ఆమె పని చేపల తోలు తీయడం. ఇరవై రెండేళ్లు ఒకే షెడ్డులో, ఒకే బల్ల ముందు నిలబడి అదే పని చేసింది. షెడ్డంటే పొడవాటి హాలు. గోడలకు మనిషెత్తు దాకా తెల్ల పలకలు, నేల మీద ఎప్పుడూ తడి, గుమ్మం దగ్గర బూట్లు ముంచి రావడానికి క్లోరిన్ నీళ్ల గుంట. ముళ్లు తీసేసిన చేప ముక్క బెల్టు మీద ఆమె ముందుకు వచ్చేది. తోక వైపు తోలును ఎడమచేతి వేళ్లతో బిగించి పట్టి, తోలుకూ కండకూ మధ్య కత్తిని పడుకోబెట్టేది. ఆ తర్వాత కత్తి కదిలేది కాదు, తోలే కదిలేది. సర్రుమని ఒక్క చప్పుడు. కండ ఒక పక్క, తోలు ఒక పక్క. తోలుకు ఇంత కండ అంటుకుని ఉంటే ఆ రోజంతా ఆమెకు అన్నం సయించేది కాదు.

కొత్తగా చేరినవాళ్లకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే.

"కత్తిని ఆడించకండే. తోలును ఆడించండి. కత్తి ఆడితే కండ పోతుంది, నోరు ఆడితే ఉద్యోగం పోతుంది."

షెడ్డులో ఆమెను కత్తి పెద్దమ్మ అనేవారు. ఆ పేరు వినబడితే పైకి విసుక్కునేది గానీ, విసుక్కునేటప్పుడు ముక్కు పక్కన ఒక చిన్న మడత పడేది. అది నవ్వని నాకు తెలుసు.

ఇక ఆమె రంగు. నలుపు. చామనచాయ, కాస్త తక్కువ రంగు లాంటి మర్యాద మాటలేవీ ఆమె దగ్గర పనిచేయవు. తాతయ్య ఆమెను మొదటిసారి చూడటానికి వచ్చినప్పుడు గదిలో వెలుతురు చాలడం లేదని, "దీపం కాస్త పెద్దది చేస్తారా?" అన్నాడట. "చేస్తాం గానీ, అప్పుడు మీ ముఖం కూడా కనబడుతుంది, ఆలోచించుకోండి" అందట అమ్మమ్మ. ఆ మాటకే పెళ్లికి ఒప్పుకున్నానని తాతయ్య పోయేదాకా చెప్పుకునేవాడు. కానీ అందరూ తాతయ్యలు కాదు కదా. అత్తవారింట్లో ఆమె నల్లది. బంధువుల్లో నల్లదాని కూతురు మా అమ్మ, నల్లదాని మనవరాలిని నేను. ఒక్క ఆ బల్ల ముందు మాత్రమే ఆమెను రంగు పెట్టి పిలవలేదు, పని పెట్టి పిలిచారు. ఆ బల్లను ఆమె ఎందుకంత గట్టిగా పట్టుకుని వేలాడిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఒకప్పుడు తీసిన తోలంతా చెత్తలో పోయేది. ఆరేళ్ల క్రితం అదే ఆవరణలో, షెడ్డు వెనక, కొల్లాజెన్ పొడి చేసే కొత్త భవనం లేచింది. అప్పటి నుంచి తోలుకు రాజయోగం పట్టింది. నీలం ప్లాస్టిక్ పెట్టెల్లో మంచు వేసి, పాపాయిని మోసుకెళ్లినట్టు వెనక్కి మోసుకెళ్లేవారు. అక్కడ మొదట సోడా తొట్టి. కొవ్వూ మురికీ రంగూ పోవడానికి తోలును ఘాటైన కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడతారు. ఒక చివర కాటుక లాంటి తోలు వేస్తే, రెండు రోజులకు ఇంకో చివర తెల్లగా ఉబ్బి తేలుతుంది. తర్వాత దాన్ని ఉడికించి, ఏవో ఎంజైములు కలిపి, ఆరబెట్టి పొడి చేస్తారు. ఆ పొడి డబ్బాలకు లేబుళ్లు అంటించే పని నాది. లేబులు మీద మాటలు నాకు కంఠతా వచ్చు: సముద్రపు చేపల కొల్లాజెన్ పెప్టైడ్లు, యాంటీ ఆక్సిడెంట్, మేని ఛాయను వెలిగిస్తుంది.

"అంటే ఏంటే?" అని అమ్మమ్మ ఒకసారి అడిగింది.

"ఒంట్లో తుప్పు పట్టకుండా ఆపుతుందట, మనిషిని తెల్లగా చేస్తుందట."

"అయితే ముందు మన గేటుకు పూయమను. అది తుప్పు పట్టి తెరుచుకోవడం లేదు."

ఇలా రోజులు గడుస్తుండగా అమ్మమ్మ వేళ్ల మీద తెల్లమచ్చలు మొదలయ్యాయి. మొదట చూపుడు వేలి కణుపు మీద గోరంత. తర్వాత పక్క వేలు. ఆమె ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో నల్ల రబ్బరు గ్లౌజులు ఎలాగూ తొడుక్కునేది. ఇప్పుడు ఇంటికీ ఒక జత తెచ్చుకుని, గిన్నెలు తోమడానికీ బట్టలు ఉతకడానికీ కూడా వాటితోనే తిరిగేది.

"ఏంటమ్మమ్మా, ఆపరేషన్‌కి వెళ్తున్నావా?" అని నేను ఏడిపించాను.

"నీ నాలుకకు కుట్లు వేద్దామని."

నాకు అనుమానం రాలేదు. ఏడాది తిరిగేసరికి మచ్చలన్నీ కలిసిపోయి, గ్లౌజు ఎక్కడిదాకా ఉంటుందో అక్కడిదాకా, గీత గీసినట్టు మణికట్టు వరకు చేతులు తెల్లబడ్డాయి. పైన అమ్మమ్మ, కింద ఇంకెవరివో చేతులు.

షిఫ్టు మొదట్లో అందరూ చేతులు చాపి చూపించాలి. మామూలుగా ఎవరో ఒకరు నడుస్తూ చూసి వదిలేస్తారు. సరుకు కొనేవాళ్లు తనిఖీకి వస్తున్నారని ఒకరోజు మేనేజరే స్వయంగా నిలబడ్డాడు. గ్లౌజులు తీయమన్నాడు.

"ఏంటిది పెద్దమ్మా? బొల్లి కదా ఇది?"

"అంటుకునేది కాదు సారూ. నొప్పి లేదు, దురద లేదు."

"నువ్వేమన్నా డాక్టరువా? తినే వస్తువు మీద ఇలాంటి చేతులు చూస్తే కొనేవాడు సరుకు వెనక్కి పంపుతాడు. సోమవారంలోగా డాక్టరు కాగితం తెచ్చుకో. లేదంటే కత్తి ఇచ్చేసి బయట ఊడ్చే పనిలో చేరు."

చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆమె గది చీకటి చేసి, ఊదారంగు లైటు వేసి చేతులు చూసింది. తర్వాత కిటికీ తెరిచి వరుసగా ప్రశ్నలు వేసింది.

"ఏ గ్లౌజులు వాడతారు?"

"ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చేవే. నల్ల రబ్బరువి."

"రోజుకు ఎంతసేపు?"

"షిఫ్టంతా. ఈ మధ్య ఇంట్లో కూడా."

"ఇంట్లో ఎందుకమ్మా?"

"ఈ మచ్చలు కనబడకుండా."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. "మచ్చలు తెచ్చినవాటితోనే మచ్చలు దాచుకున్నారమ్మా" అంది.

కొన్ని రబ్బరు గ్లౌజుల్లో కలిపే మందు చర్మంలో రంగు పుట్టించే కణాలను చంపేస్తుందట. అందరికీ కాదు, కొందరికి. అంటువ్యాధి కాదు. పోయిన రంగు తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. గ్లౌజులు మాత్రం వెంటనే మార్చాలి, పక్కవాళ్ల చేతులు కూడా ఒకసారి చూపించాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చింది. అమ్మమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

సోమవారం మేనేజరు గదిలోకి ఇద్దరం వెళ్లాం. ఏసీ చల్లదనం షెడ్డు చల్లదనం లాంటిది కాదు, వాసన లేని చల్లదనం. అమ్మమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. అప్పుడు నాకు ఒక భయం పట్టుకుంది. ఆ గ్లౌజులు కొనేది ఈయనే. తప్పు మీ గ్లౌజులదని ఆయన ముఖం మీద కాగితం పెడితే, చీపురు కూడా ఇస్తాడా? ఆమె కాగితం బయటికి తీసేలోగా నా నోరు తెరుచుకుంది.

"సార్, ఇది జబ్బు కాదు సార్. ఇరవై రెండేళ్లుగా చేప తోలు పట్టుకుంటోంది కదా. తోల్లో ఉన్న కొల్లాజెన్ చేతులకు పట్టేసింది. మన డబ్బా మీద రాసిందే కదా సార్. యాంటీ ఆక్సిడెంట్. మేని ఛాయ. చూడండి, తోలు తగిలినంత మేరా ఎలా వెలిగిందో."

మేనేజరు నన్ను చూశాడు. చేతులు చూశాడు. కుర్చీలో ముందుకు జరిగాడు.

"మళ్లీ చెప్పు" అన్నాడు.

ఆయన నమ్మాడో, నమ్మితే మంచిదని లెక్క వేసుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. సంచిలో ఉన్న అమ్మమ్మ చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది. బయటికొచ్చాక నా చెవి మెలిపెట్టి, "తొమ్మిదో తరగతి దాటలేదు, అప్పుడే డాక్టరమ్మను మించిపోయావే" అంది. కానీ వెనక్కి వెళ్లి కాగితం ఇవ్వలేదు. గుమ్మం దగ్గర క్లోరిన్ గుంటలో బూట్లు ముంచి, నేరుగా తన బల్ల దగ్గరికి వెళ్లి కత్తి అందుకుంది.

వారం తిరక్కుండా ఫోటో తీసేవాళ్లు వచ్చారు. గొడుగుల్లాంటి లైట్లు పెట్టారు. నల్లగుడ్డ పరిచి దాని మీద ఆమె చేతులు పెట్టించారు, పక్కన తెల్లపొడి కుప్ప పోశారు. నిండు చేతుల తెల్ల చొక్కా ఒకటి తొడిగి, "ఇంకా కిందకి లాగండి, నలుపు కనబడుతోంది" అని మణికట్టు దాకా లాగారు. "ముఖం వద్దా బాబూ?" అని అడిగింది అమ్మమ్మ. "వద్దమ్మా, చేతులు చాలు" అన్నాడు అతను, ఆమె వైపు చూడకుండానే.

ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. అమ్మమ్మ నాకు ఇచ్చి చదవమంది. పైన నాలుగు వాక్యాలు ఫోటో వాడుకోవడం గురించి. కింద చిన్న అక్షరాల్లో, చేప కొల్లాజెన్ వల్లే తన చేతులకు ఈ రంగు వచ్చిందని తాను స్వయంగా చెబుతున్నట్టు ఉంది. "అంతా ఫోటో సంగతే, పెట్టెయ్" అన్నాను. నాలుక కొరుక్కుంటూ, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ సంతకం పెట్టింది.

ల్యాబులో పనిచేసే అక్క మధ్యాహ్నం క్యాంటీన్లో నన్ను పక్కకు లాగింది. "ఏం చెప్పావే నువ్వు? తోలు తాకితే చేతులు తెల్లబడతాయా? తోల్లో కొల్లాజెన్ అంటే పెద్ద మోకు లాంటిది. దాన్ని తెంపి తెంపి చిన్న పోగులు చేస్తేనే పెప్టైడ్. ఆ పోగులనైనా పరీక్ష చేసింది గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద. వాటిలో రంగు తయారీ కాస్త తగ్గింది, అది నిజం. మనిషి మింగితే ఏ మాత్రం తగ్గుతుందో, అసలు తగ్గుతుందో లేదో గట్టిగా ఎవరూ తేల్చలేదు."

"మరి మేనేజరుకు చెప్పొచ్చు కదక్కా?"

"చెప్పాను. 'నువ్వు కణాల సంగతి చూడు, మనుషుల సంగతి నేను చూసుకుంటాను' అన్నాడు."

పోస్టరు గేటు దగ్గర ఒకటి, క్యాంటీన్లో ఒకటి, సోడా తొట్టి గోడ మీద ఒకటి అంటించారు. ఒక్కో వేలు అరటిపండంత. కింద "ఇరవై రెండేళ్లు చేప తోలు తాకిన చేతులు" అని రాశారు. దాంతో షెడ్డులో గోల మొదలైంది. అందరికంటే ఎక్కువ గోల అమ్మమ్మ పక్క బల్ల ఆమెది. ఆమెను మేం రేడియో అనేవాళ్లం. కట్టేయడానికి మీట దొరకని రేడియో. అమ్మమ్మను అక్కా అనేది గానీ, వయసులో బాగా చిన్నది కాబట్టి నేను అత్తా అనేదాన్ని.

"అక్కా, నేనూ పదేళ్లుగా ఇదే తోలు లాగుతున్నాను కదా, నాకెందుకు రాలేదు?"

"నువ్వు నోటితో లాగుతున్నావు, నేను చేత్తో లాగాను."

"పరాచికాలు వద్దక్కా. నిజం చెప్పు."

అమ్మమ్మ నోరు తెరిచింది. అదే క్షణంలో మేనేజరు బల్లల మధ్యకు వచ్చాడు. ఆమె తల వంచుకుని ఇంకో ముక్క అందుకుంది. ఆ మాట ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు.

రేడియో అత్తకు తెల్లబడాలన్న సరదా ఏమీ లేదు. తడి బూట్లలో ఆమె కాలివేళ్ల సందులు పాచిపోయి, నడిస్తే రక్తం వచ్చేది. గేటు పక్కన పొడి అమ్మే కౌంటర్ ఉంది. అక్కడ నేల పొడిగా ఉంటుంది, కూర్చోవడానికి స్టూలు ఉంటుంది. అక్కడికి మార్చమని రెండుసార్లు అడిగింది. "అక్కడ కాస్త రంగున్నవాళ్లు కావాలమ్మా" అన్నారు రెండుసార్లూ. ఇప్పుడు ఆమెకు దారి దొరికింది. నల్లనివన్నీ నీళ్లు, తెల్లనివన్నీ పాలు అనుకునే అమాయకురాలేమీ కాదు. కళ్లతో చూసిందే నమ్మింది. నల్లతోలు తొట్టిలోకి పోతుంది, తెల్లతోలు బయటికి వస్తుంది. ఆ తొట్టి మీదే అమ్మమ్మ చేతుల బొమ్మ. ఇంక పొడి దాకా ఎందుకు, అసలు మహిమంతా ఈ నీళ్లలోనే ఉందనుకుంది. తోలు పెట్టెలు మోస్తూ ఆ తొట్టి పక్కన రోజూ తిరిగే మనిషికి తప్ప ఇంకెవరికీ ఆ ఆలోచన రాదు.

టీ గంట కొట్టినప్పుడు ఎవరూ లేకుండా చూసి, గ్లౌజులు తీసి, రెండు చేతులూ మోచేతుల దాకా ముంచింది. సోడా నీళ్లు మొదట మండవు. సబ్బులా జారుతూ మెత్తగా ఉంటాయి. అందుకే ఆమె వంద దాకా లెక్కపెట్టింది. కేక వినబడి మేం పరిగెత్తేసరికి లెక్క అయిపోయింది. అమ్మమ్మే ఆమెను కుళాయి కిందికి ఈడ్చి, అంబులెన్సు వచ్చేదాకా నీళ్లు పోస్తూ నిలబడింది. చేతుల మీద చర్మం నీళ్లతో పాటు జారిపోతోంది. రేడియో అత్త ఆ రోజు ఒక్కటే మాట పదేపదే అంది: "నీలాగే అవుతాయనుకున్నానక్కా."

మర్నాడు షెడ్డులో అందరినీ నిలబెట్టి మేనేజరు ఉపన్యాసం ఇచ్చాడు. తొట్టిలో చేతులు పెట్టమని ఎవరూ చెప్పలేదట, ఆమె సొంత తెలివితక్కువతనమట, కంపెనీకి ఏ సంబంధమూ లేదట. ఆయన ముగించేలోగా అమ్మమ్మ వరుసలోంచి ముందుకు వచ్చింది. సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది.

"సారూ, నా చేతులు తోలు వల్ల తెల్లబడలేదు. మీ గ్లౌజుల వల్ల తెల్లబడ్డాయి. డాక్టరమ్మ రాసిచ్చింది. ఆరోజే చెప్పాల్సింది, నా కత్తి పోతుందని చెప్పలేదు. ఆ బొమ్మలు దించేయించండి. గ్లౌజులు మార్చండి."

మేనేజరు కాగితం చదివాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"పెద్దమ్మా, నీ సంతకం మా దగ్గర ఉంది. కొల్లాజెన్ వల్లేనని నువ్వే చెప్పావు. ఇప్పుడు నువ్వే ఆలోచించుకో. కొల్లాజెన్ వల్ల తెల్లబడితే అవి మంచి చేతులు, బల్ల దగ్గర ఉండొచ్చు. జబ్బు చేసి తెల్లబడితే తినే వస్తువు ముట్టుకోకూడదు. ఏది?"

అమ్మమ్మ నా వైపు చూసింది. ఆ సంతకం కింద ఏముందో ఆమెకు అప్పుడే తెలిసింది. నేను లేబుళ్ల గది వాళ్ల వరుసలో, నేల చూస్తూ నిలబడ్డాను.

"జబ్బే" అంది అమ్మమ్మ.

అంతే. బూట్లు విప్పింది. ఏప్రన్ మడతపెట్టింది. కత్తి కంపెనీది, దాన్ని కడిగి తుడిచి బల్ల మీద, పిడి తనవైపు కాకుండా అటువైపు తిప్పి పెట్టింది. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కొత్తమ్మాయి ఉంది. కత్తిని ఆడిస్తుంది. తోలుకు వేలెడు మందాన కండ పోతోంది. చేతులకు అవే నల్ల గ్లౌజులు.

రేడియో అత్త రెండు నెలలకు ఆసుపత్రి నుంచి వచ్చింది. వేళ్లు ముడుచుకుపోయాయి, గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది. అమ్మమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి ఆమెకు తల దువ్వి జడ వేసి వస్తుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. రేడియో మూగబోయిందని నేనొక జోకు వేయబోయాను, అమ్మమ్మ చూసిన చూపుకు అది నా గొంతులోనే ఉండిపోయింది.

మిగతా వేళల్లో అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఊరికే కూర్చోదు. ఎడమచేతి వేళ్లు గాలిలో దేన్నో బిగించి పట్టుకుంటాయి, లాగుతాయి, వదులుతాయి. "అమ్మమ్మా, ఈ పూట ఎన్ని కిలోలు తీశావు?" అని అడిగితే మాత్రం చేతులు చీర కింద దాచేసుకుంటుంది.

పోస్టర్లు దించలేదు. పైగా ఈ మధ్య కొత్త లేబుళ్లు వచ్చాయి. మాటలు అవే, పక్కన అమ్మమ్మ చేతుల బొమ్మ చేరింది. షిఫ్టుకు ఆరువందల డబ్బాలు. బొమ్మ ముడత పడకుండా, మధ్యలో బుడగ రాకుండా బొటనవేలితో నున్నగా రుద్దాలి. ఆ పని నేను బాగా చేస్తానని పేరు.

ఇదంతా రాసి నిన్న సాయంత్రం అమ్మమ్మకు చదివి వినిపించాను. చేపల చొక్కాల దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. దీపం మాట దగ్గర కూడా నవ్వలేదు. చివరిదాకా కిటికీలోంచి చూస్తూ విని, కాగితాలు నా ఒళ్లో పడేసి అంది:

"నా గురించి రాసింది చాలు. రేపు పొద్దున నా చేతులు డబ్బాలకు అంటించడానికి పోతావా, మానేస్తావా? అది చెప్పు ముందు."